అడ్వాన్సు తీసుకున్న నోరు

కూలీలను పనులకు తీసుకుపోయే గుంపు మేస్త్రి దగ్గర మా తాత తీసుకున్న అడ్వాన్సు ఎనభై రూపాయలు. ఏ సంవత్సరమో ఆయనకు గుర్తులేదు, జొన్న వెన్ను వెయ్యకముందే ఎండిపోయిన ఏడు అనేవాడు. మక్తల్ దగ్గరి మా ఊరి నుంచి ఆ ఏడు ఇరవై మందికి పైగా డ్యాం పనికి పోయారు. పార, తట్ట, ఒక సత్తుగిన్నె, జొన్నపిండి మూట. తాత వెంట నాయనమ్మ, ఆమె చంకలో మా పెద్దనాయిన.

తాత ఊళ్లో నోరున్న మనిషి. రచ్చకట్ట మీద చెరువు నీళ్ల పంచాయితీ వచ్చినా, పటేల్ ఎవరి మీదైనా అన్యాయంగా మాట్లాడినా ఎదురు చెప్పేది ఆయనే. అలాంటి మనిషి డ్యాం దగ్గర మూడేళ్లు నోరెత్తలేదు. పిల్లాడికి జ్వరం వచ్చి నాలుగు రోజులు కన్ను తెరవకపోతే ఊరికి తీసుకుపోతానని అడిగాడు. "లెక్క తెగలేదు గదా" అన్నాడు మేస్త్రి. తిట్టలేదు, కొట్టలేదు. ఆ ఒక్క మాటకే తాత తిరిగి గుడిసెకు వచ్చేశాడు. నేను డిగ్రీ చదివేటప్పుడు "ఎందుకు ఊకున్నవు తాతా?" అని అడిగాను. "పైసలు తిన్నంక నోరెట్ల లేస్తది బిడ్డా" అన్నాడు.

మహబూబ్‌నగర్‌లో జూనియర్ కాలేజీ పిల్లలకు కామర్స్ చెప్పడం నా పని. బడ్జెట్ వచ్చిన వారం క్లాసులో కచ్చితంగా ఒక ప్రశ్న వస్తుంది. "సార్, మన దేశానికే ఇంత అప్పు ఉంది కదా, మళ్లీ మాల్దీవులకు, భూటాన్‌కు మనం డబ్బులెందుకు ఇస్తున్నాం? ఆ పైసలతో పాలమూరుకు నీళ్లు తేవచ్చు కదా?" పిల్లలే కాదు, స్టాఫ్ రూమ్‌లో, బస్టాండ్ హోటల్లో, పెళ్లిలో పక్కన కూర్చున్న బంధువుల దగ్గర కూడా ఇదే మాట వింటున్నాను. ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆ కోపం వెళ్లవలసిన చోటికి వెళ్లడం లేదని నా బాధ. నలభై నిమిషాల పీరియడ్‌లో చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. దేశం ఎంత అప్పు చేసిందన్నది రెండో ప్రశ్న. అప్పిచ్చినవాడి ఎదుట నిలబడి మాట్లాడగలదా అన్నది మొదటి ప్రశ్న. ఖజానా లెక్కలు, విదేశాంగం అని రెండు వేర్వేరు పేజీల్లో చదువుతున్నాం కానీ అవి రెండూ ఒకే చిట్టా.

దీనికి సాక్ష్యం మా ఊరికి చాలా దగ్గర్లోనే ఉంది. కృష్ణా బ్రిడ్జి దాటితే రాయచూరు. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న ఆ దోఆబ్ నిజాం రాజ్యంలోది. 1853లో అది ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. యుద్ధంలో ఓడిపోయి కాదు, జీతాల బాకీ కింద.

కథ అంతకు ముందే మొదలైంది. హైదరాబాద్ కంటింజెంట్ అని ఒక సైన్యం ఉండేది. అధికారులు ఇంగ్లీషువాళ్లు, ఆజ్ఞలు ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి రెసిడెంటువి, ఖర్చు మాత్రం నిజాంది. ఏడాదికి దాదాపు 40 లక్షలు. తన మాట వినని సైన్యానికి తానే జీతం ఇవ్వాలి. దివాన్ చందూలాల్ ఆ జీతాల కోసం పామర్ కంపెనీ అనే వడ్డీ వ్యాపారుల దగ్గర అప్పు తెచ్చాడు. నూటికి ఏడాదికి 24 రూపాయల దాకా వడ్డీ. మన ఊళ్ల లెక్కలో రెండు రూపాయల వడ్డీ. రైతు చేసినా రాజు చేసినా ఆ వడ్డీ నిద్రపోదు. పామర్ బాకీ తీర్చడానికి ఇంకో దారి వెతికారు. కోస్తా జిల్లాలైన ఉత్తర సర్కారుల మీద ఈస్టిండియా కంపెనీ ఏటా నిజాంకు కప్పంగా కట్టవలసిన పేష్కష్‌ను ఒకేసారి ముట్టినట్టు రాసుకుని 1820లలో దాన్ని వదిలేసుకున్నారు. అంటే శాశ్వతంగా వచ్చే ఆదాయాన్ని అమ్మి పాత వడ్డీ కట్టారు. పాడి బర్రెను అమ్మి మిత్తి కట్టిన ఇల్లు మీరు చూసే ఉంటారు.

కంటింజెంట్ ఖర్చు ఆగలేదు, బాకీ మళ్లీ పెరిగింది. చివరికి గవర్నర్ జనరల్ డల్హౌసీ కాలంలో, 1853 మే నెలలో, నిజాం నాసిరుద్దౌలా చేత ఒప్పందం మీద సంతకం పెట్టించారు. బీరార్, ధారాశివ్, రాయచూరు దోఆబ్ కంపెనీ చేతికి వెళ్లాయి. ఆ శిస్తు వసూలు చేసుకుని సైన్యం జీతాలు, బాకీ జమకట్టుకుంటామన్నారు. ఆ నెలలోనే 24 ఏళ్ల సాలార్‌జంగ్ దివాన్ అయ్యాడు. ఆయన శిస్తు వసూళ్లు సరిచేశాడు, జిల్లాలు ఏర్పాటు చేశాడు, రాజ్యం పరువు నిలబెట్టాడు. 1857లో నిజాం ఇంగ్లీషువాళ్ల పక్షాన నిలిచాడు కాబట్టి 1860లో రాయచూరు, ధారాశివ్ తిరిగి ఇచ్చారు, 50 లక్షల బాకీ కొట్టేశారు. అప్పు తీరిపోయింది. మరి బీరార్? ఇవ్వలేదు. 1876లో సాలార్‌జంగ్ లండన్ దాకా వెళ్లి అడిగాడు, ఇవ్వలేదు. 1902లో వైస్రాయి కర్జన్ వచ్చి ఏడాదికి 25 లక్షల కౌలుకు శాశ్వతంగా రాయించుకున్నాడు. ఇప్పుడది మహారాష్ట్రలో విదర్భ పడమటి భాగం.

లెక్క తెగిన తర్వాత కూడా భూమి రాలేదు. ఈ ముక్క దగ్గర నేను ప్రతి ఏడూ క్లాసులో కాసేపు ఆగుతాను.

ఇక నాకు ఇంకా దగ్గరి సంగతి. మా నాయిన 1960లలో ఊరి బడిలో చదివాడు. మధ్యాహ్నం గోధుమ రవ్వ ఉప్మా పెట్టేవాళ్లు, పాలపొడి కలిపిన పాలు పోసేవాళ్లు. అది అమెరికా రవ్వ. ఆ సంచుల మీద రెండు చేతులు కలిపిన బొమ్మ ఉండేది, అమెరికా ప్రజలు ఇచ్చినది, అమ్మరాదు అని ఇంగ్లీషులో రాసి ఉండేది. ఖాళీ సంచిని నాయనమ్మ దిండు గలీబు కుట్టింది. ఎన్నిసార్లు ఉతికినా ఆ చేతుల బొమ్మ పూర్తిగా పోలేదు. మా ఇంట్లో అటక మీద చాలా ఏళ్లు ఉంది, నేను చూశాను. నాయిన ఆ ఉప్మాను ఎప్పుడూ చెడుగా మాట్లాడలేదు. ఆకలి తీర్చిన ముద్దను తిట్టకూడదు, నేనూ తిట్టను.

కానీ ఆ సంచుల వెనక ఢిల్లీలో ఏం జరిగిందో పెద్దయ్యాక చదివాను. పీఎల్-480 ఒప్పందం 1956 నాటిది. అమెరికా గోధుమలు ఇస్తుంది, మనం రూపాయల్లో కట్టవచ్చు. 1965, 1966లో వరసగా వానలు లేవు. 1966లో దాదాపు కోటి టన్నుల ధాన్యం దిగుమతి అయ్యింది. ఓడ వస్తే పొయ్యి వెలుగుతుందన్న పరిస్థితి. అధ్యక్షుడు జాన్సన్ గోధుమల ఓడలను ఒక్కసారిగా వదలకుండా నెలనెలా కొంచెం కొంచెంగా వదిలాడు. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించారు, డాలరు 4.76 నుంచి 7.50 అయ్యింది. తర్వాతి నెల ఇందిరాగాంధీ మాస్కోలో వియత్నాం యుద్ధాన్ని తప్పుబట్టే ప్రకటన మీద సంతకం పెడితే జాన్సన్‌కు కోపం వచ్చింది, ఓడలు ఇంకా ఆలస్యమయ్యాయి. ఒక దేశ ప్రధాని మాట్లాడిన మాటకు, మక్తల్ తాలూకాలో బడిపిల్లల ఉప్మాకు అంత దగ్గరి సంబంధం ఉంది. "లెక్క తెగలేదు గదా" అన్న మేస్త్రి గొంతు నాకు అక్కడ కూడా వినిపిస్తుంది.

తర్వాత జరిగింది కూడా చెప్పాలి, లేకపోతే ఇది ఒట్టి ఏడుపు అవుతుంది. కొత్త గోధుమ విత్తనాలు, ఎరువులు, కాలవల మీద ప్రభుత్వం గట్టిగా ఖర్చు పెట్టింది. 1964-65లో 1.2 కోట్ల టన్నులు పండిన గోధుమ 1970-71 నాటికి రెండు కోట్ల 30 లక్షల టన్నులు దాటింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది, అమెరికా అధ్యక్షుడు నిక్సన్ బెదిరింపుగా యుద్ధనౌకలను బంగాళాఖాతంలోకి పంపాడు. ఈసారి ఇందిరాగాంధీ తగ్గలేదు. ఐదేళ్ల కింద ఓడల కోసం ఎదురుచూసిన దేశమే ఇది. ఆమె ధైర్యం గురించి అందరూ చెబుతారు. ఆ ధైర్యం వెనక గోదాముల్లో మూటలు ఉన్నాయని ఎవరూ చెప్పరు.

మా తాత లెక్క కూడా అలాగే తెగింది. మూడో ఏడు నాయనమ్మ కూలి కూడా కలిపి బాకీ కొట్టేసుకుని, మృగశిరకు ముందే ఊరికి వచ్చాడు. వచ్చిన మరునాడే చెరువు తూము దగ్గర పటేల్‌తో కొట్లాడాడని ఊళ్లో ముసలివాళ్లు చెప్పుకునేవాళ్లు.

1991 సంగతి నా తరం వాళ్లకు బాగా గుర్తు. అంతకు ముందు ఏడు ఇరాక్ కువైట్ మీదికి పోయింది, చమురు ధర పెరిగింది, 1,70,000 మందికి పైగా మనవాళ్లను అమ్మాన్ మీదుగా విమానాల్లో వెనక్కి తెచ్చుకోవలసి వచ్చింది, అక్కడి నుంచి వచ్చే పైసలు పడిపోయాయి. విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు మించి లేదు. ముందు 20 టన్నుల బంగారం స్విట్జర్లాండ్ బ్యాంకుకు పోయింది. జూలైలో 47 టన్నులు తాకట్టుకు దేశం దాటింది. ఆ వార్త పేపర్లో వచ్చిన రోజు మా అమ్మ మాట్లాడలేదు. ఆమెకు విదేశీ మారకం అంటే తెలియదు, కానీ పుస్తెలు తాకట్టు పెట్టడం అంటే తెలుసు. మన తెలంగాణ బిడ్డ పీవీ ప్రధానిగా కూర్చున్న మొదటి నెల అది. ఆయన సంస్కరణల్లో అన్నీ నాకు నచ్చవు. అవి చేతులు కట్టేసిన స్థితిలో చేసినవని మాత్రం మరవకూడదు. అప్పుడు జాగ్రత్త నేర్చుకున్నాం కాబట్టే 2009లో రిజర్వు బ్యాంకు అంతర్జాతీయ ద్రవ్యనిధి ఐఎంఎఫ్ దగ్గర 200 టన్నుల బంగారం కొన్నది. 2024లో లండన్‌లో దాచిన బంగారంలో 100 టన్నులు వెనక్కి తెచ్చుకున్నది. 2022 తర్వాత ఎవరు వద్దన్నా రష్యా చమురు కొనగలిగాం. 1991 నాటి జేబుతో ఆ మాట అనగలిగేవాళ్లమా?

ఇప్పుడు పిల్లల ప్రశ్నకు వస్తాను.

2025-26 కేంద్ర బడ్జెట్ మొత్తం 50.65 లక్షల కోట్లు. అందులో వడ్డీలకే 12.76 లక్షల కోట్లు. అసలు కాదు, ఒట్టి వడ్డీ. వంద రూపాయల ఖర్చులో 25 రూపాయలు. విదేశాంగ శాఖకు మొత్తం 20,516 కోట్లు. రాయబార కార్యాలయాలు, అధికారుల జీతాలు, పాస్‌పోర్టు ఆఫీసులు, ఇరుగుపొరుగు దేశాలకు సాయం అన్నీ కలిపి. వంద రూపాయల్లో 40 పైసలు. భూటాన్‌కు 2,150 కోట్లు, మాల్దీవులకు 600 కోట్లు. నేను పిల్లల చేత బోర్డు మీద భాగహారం చేయించాను. దేశం రోజుకు కడుతున్న వడ్డీ దాదాపు 3,500 కోట్లు. మాల్దీవులకు ఏడాదికి ఇచ్చేది నాలుగు గంటల వడ్డీ. విదేశాంగ శాఖ ఏడాది ఖర్చు మొత్తం ఆరు రోజుల వడ్డీ. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015లో వేసిన అంచనా 35,200 కోట్లు. మాల్దీవుల సాయం ఆపి ఆ డబ్బు కూడబెడితే 58 ఏళ్లు దాటుతుంది. మన నీళ్లు ఆగింది అక్కడ కాదు.

ఆ 40 పైసలు ఎవరికి పనికొస్తాయో మా ఇంట్లోనే చూశాను. మా పెద్దనాయిన కొడుకు దుబాయ్ పోయాడు. కంపెనీ రెండు నెలలు జీతం ఇవ్వకపోతే బయటికి వచ్చి ఖల్లివెల్లి, అంటే కాగితాలు లేని కూలీ, అయ్యాడు. పాస్‌పోర్టు కంపెనీవాడి దగ్గరే ఉండిపోయింది. 2018లో అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటిస్తే మన కాన్సులేట్‌లో ఇచ్చే తిరుగు ప్రయాణం కాగితం ఔట్‌పాస్ కోసం లైన్‌లో నిలబడ్డాడు. తెల్లవారుజామున మూడు గంటలకు నిలబడితే మధ్యాహ్నానికి కిటికీ దగ్గరికి చేరాడు. మొదటి రోజు కాగితం సరిగా లేదని తిప్పి పంపారు. మూడోసారి వెళ్తే తెలుగు తెలిసిన ఒక ఉద్యోగి దొరికాడు, పది నిమిషాల్లో పని అయిపోయింది. ఆ రెండు వారాలు మా వదినకు పడిన టెన్షన్ నేను చూశాను, ఫోన్ మోగితే చాలు ఉలిక్కిపడేది. రాయబారం అంటే సూట్లు వేసుకుని చేతులు కలపడం అనుకునేవాళ్లకు ఆ కిటికీ చూపించాలి. ఇంత పెద్ద దేశానికి విదేశాంగ ఉద్యోగులు చాలరని పార్లమెంటు కమిటీలే మళ్లీ మళ్లీ చెబుతున్నాయి. అక్కడ ఇంకో పది పైసలు ఎక్కువ ఖర్చు పెట్టమని అడగవలసిన వాళ్లం మనం. తెలంగాణలో ఎన్ని ఇళ్లు ఆ కిటికీ మీద ఆధారపడి ఉన్నాయి!

ఇరుగుపొరుగుకు సాయం చేయడం తప్పు కాదంటాను. కానీ మేస్త్రిలా చేయకూడదు. భూటాన్‌లో చుఖా జలవిద్యుత్ కేంద్రం మన డబ్బుతో కట్టారు. అరవై శాతం ఉచితంగా ఇచ్చాం, నలభై శాతం అప్పు. అక్కడి కరెంటు మనమే కొంటున్నాం కాబట్టి వాళ్లకు అప్పు తీర్చే దారి కూడా అందులోనే ఉంది. అప్పు ఇచ్చేవాడు తీర్చే దారి కూడా చూపాలి, అదీ పద్ధతి. శ్రీలంకలో జరిగింది వేరు. హంబన్‌టోట రేవు కట్టుకున్నారు, ఓడలు రాలేదు. 2017లో దాన్ని 99 ఏళ్ల లీజుకు చైనా కంపెనీకి ఇచ్చి 112 కోట్ల డాలర్లు తెచ్చుకున్నారు. ఆ డబ్బుతో రేవు అప్పు కూడా తీరలేదు, డాలర్ల కరువు గడిచింది అంతే. అక్కడ చైనా ఒక్కదాన్నే తిట్టడం నాకు సరిగా అనిపించదు. బాండ్లు అమ్మి తెచ్చిన డాలర్ల అప్పు వాళ్లకు ఇంకా పెద్దది. 2022 ఏప్రిల్‌లో కట్టలేమని చేతులెత్తేశారు. అప్పుడు మనం దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం చేశాం, పెట్రోలు, మందులు పంపాం. ఐఎంఎఫ్ దగ్గర వాళ్లకు మొదట హామీ ఇచ్చిన అప్పులవాళ్లం కూడా మనమే. ఆ పని నాకు గర్వంగా ఉంది.

డబ్బే ఇవ్వాలని కూడా లేదు. నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ల కోసం నాగపూర్ శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో నీళ్లు శుభ్రం చేసే పద్ధతి తయారుచేశారు. దాని పేరే నల్లగొండ టెక్నిక్. టాంజానియా, ఇథియోపియా పల్లెల్లో కూడా వాడారు. నల్లగొండ ఎముకల నొప్పి నుంచి పుట్టిన విద్య ఆఫ్రికాలో ఒక బిందె నీళ్లకు పనికి వచ్చింది. ఇంతకంటే మంచి రాయబారం నాకు తెలియదు.

మన దేశ అప్పులో చాలా పెద్ద భాగం మన రూపాయల్లో, మనవాళ్ల దగ్గర చేసిందే. మీరు ఎల్‌ఐసీకి కట్టే ప్రీమియం, మీ పీఎఫ్, బ్యాంకులో వేసిన డిపాజిట్ తిరిగి తిరిగి ప్రభుత్వ బాండ్లలోకే పోతాయి. అందుకని శ్రీలంకతో పోల్చి భయపెట్టేవాళ్ల మాట నమ్మకండి. అలాగని నిశ్చింతగా ఉండమని కూడా చెప్పలేను. వందలో 25 వడ్డీకి పోయాక మిగిలినదాంట్లోంచే బడి, దవాఖాన, రోడ్డు, సైన్యం అన్నీ. రేపు ఒక కరువో యుద్ధమో వస్తే చెయ్యి చాచవలసి వస్తుంది. చెయ్యి చాచిన రోజు ఏం షరతు పెడతారో ముందే తెలియదు.

నాకు నిజంగా కోపం వచ్చేది దాచిన అప్పు మీద. రాష్ట్రం వచ్చిన 2014-15లో మన అప్పు 72,658 కోట్లు. 2023 డిసెంబరులో ప్రభుత్వం పెట్టిన శ్వేతపత్రం ప్రకారం ప్రభుత్వ కార్పొరేషన్ల అప్పులు, వాటికి ప్రభుత్వం ఇచ్చిన హామీలు (గ్యారంటీలు) కలిపి 6,71,757 కోట్లు. ఆ లెక్క తప్పని పాత ప్రభుత్వం వాళ్లు వాదించారు. నేను ఏ పార్టీ తరఫునా మాట్లాడటం లేదు. ఇంత పెద్ద అంకె మీద రెండు పక్షాలు ఇన్ని లక్షల కోట్ల తేడాతో ఎలా వాదించుకోగలుగుతున్నాయి? కార్పొరేషన్ల పేరున చేసిన అప్పు బడ్జెట్ పుస్తకంలో అప్పుగా కనిపించకపోవడం వల్ల. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లకు వంకర్లు తిరిగిన కాళ్లతో మనుషులను చూసినవాడిని కాబట్టి, ఇంటింటికీ తాగునీళ్లిచ్చే మిషన్ భగీరథ అప్పు కాగితం మీద నన్ను సంతకం పెట్టమంటే మళ్లీ పెడతాను. కానీ ఆ కాగితం నాకు చూపించాలి.  మేస్త్రి దగ్గర తాత అడ్వాన్సు ఎంత తెగిందో ఎంత మిగిలిందో మూడేళ్లూ తాతకు తెలియదు, లెక్క మేస్త్రి నోట్లోనే ఉండేది. ఎనభై రూపాయలకు మూడేళ్లు ఎందుకు పట్టిందో నాకు ఇప్పటికీ లెక్క తేలలేదు.

పోయిన ఏడు నుంచి క్లాసులో ఒక మార్పు చేశాను. ఇదివరకు బడ్జెట్ రాగానే పన్నుల గురించి మొదలుపెట్టేవాడిని. ఇప్పుడు కేంద్రానివి, రాష్ట్రానివి రెండు పుస్తకాలూ ప్రింట్ తీసి, పిల్లలను నలుగురేసి కూర్చోబెట్టి, ముందు గ్యారంటీల పేజీ వెతకమంటున్నాను. ఎవరి పేరున ఎంత, ఏ పనికి అని నోట్‌బుక్‌లో రాసుకోవాలి. కోస్గి నుంచి వచ్చే ఒక అమ్మాయి వాళ్ల నాయిన పుణెలో సెంట్రింగ్ పనికి పోతాడు. ఆ అమ్మాయి రాసుకోవడం ఆపి, "సార్, ఇందుల సంతకం ఎవరు పెట్టిండ్రో ఎందుకు రాయలేదు?" అని అడిగింది. ఆ ప్రశ్నను బోర్డు మీద రాయించాను. వచ్చే ఫిబ్రవరిలో కొత్త పుస్తకాలు వచ్చాక మళ్లీ అక్కడి నుంచే మొదలుపెడతాం.